ఉప్పు సరిపోయింది

ఆ ఎండాకాలమంతా మా ఆయన అన్నం బాక్సు కడిగి ఇంటికి తెచ్చేవారు.

అంతకు ముందు అలా కాదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో తను తిన్న పళ్ళెం తను తీసిన మనిషి కాదు. ఎంగిలి బాక్సు సంచిలోనే పడి రెండు రోజులు మగ్గితే, మూత తీసి నేను ముక్కు మూసుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అలాంటిది ఎండలు ముదిరిన వారం నుంచీ బాక్సు అద్దంలా మెరుస్తూ వచ్చేది. మూత తీస్తే గ్రీజు వదిలించే సబ్బు వాసన వేసేది. ప్రతిదానికీ అనుమానపడే నాకు ఈ ఒక్కదాని మీద అనుమానం రాలేదు. పైగా మురిసిపోయాను.

పనిలో నా జోడీ ఆవిడతో కూడా చెప్పాను. నేను పొద్దున పూట ఒక పెద్ద లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. దుప్పటికి ఇద్దరు కావాలి. చెరో వైపు కొసలు పట్టుకుని, దగ్గరికి నడిచొచ్చి, ఒకరి చేతిలో కొసలు ఇంకొకరు అందుకోవాలి. ఆవిడ తన కొసలు నా చేతికివ్వదు. బల్ల మీద పెడుతుంది, నేను తీసుకుంటాను. ఆరేళ్ళుగా అంతే. ఈ ఊరొచ్చి పదకొండేళ్ళయింది, భాష వచ్చింది, వాతావరణం అలవాటైంది, ఒంటి రంగు మాత్రం ఎక్కడికి పోతుంది? ఇక్కడ మా ఊరూ పేరూ మా మొహం మీదే రాసి ఉంటాయి. బస్సులో అన్ని సీట్లూ నిండాకే మా పక్క సీటు నిండుతుంది.

"మా ఆయన బాక్సు కడిగి తెస్తున్నారు," అన్నాను ఆవిడతో.

"ఊఁ," అంది, కొసలు బల్ల మీద పెట్టి.

నేను భయస్తురాలిని. ఈ కథంతా దాని మీదే నడిచింది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. మా ఆయనది సిటీ బస్సుల డిపోలో టైర్లు మార్చే పని. జాకీ జారితే, టైరు పేలితే, బస్సు వెనక్కి దొర్లితే అని రోజూ పొద్దున ఆయన చెప్పులేసుకునేటప్పుడే అనుకునేదాన్ని. మా అమ్మాయికి పదహారేళ్ళు. రోడ్డు దాటుతుంటే లారీ వచ్చినట్టు, ఎవడో వెంటబడినట్టు ఊహించుకునేదాన్ని. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయేదాన్ని, మేలు దాకా వెళ్ళడానికి తీరిక ఉండేది కాదు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. "కంగారమ్మా, చెప్పులెక్కడ?" "కంగారమ్మా, వెళ్ళొస్తా, ఏడుపు మొదలెట్టుకో."

అన్నిటికన్నా పెద్ద భయం ఆయన షుగరు. వాళ్ళ నాన్న దాంతోనే పోయారు. ముందు ఒక కాలివేలు, తర్వాత పాదం, తర్వాత చూపు. ఆ వరస నాకు ఎక్కాలు వచ్చినట్టు వచ్చు. అందుకే పొద్దున అయిదింటికి లేచి కొలిచి వండేదాన్ని. అన్నం రెండు గరిటెలు, కూర మూడు గరిటెలు, ఒక ఉడికించిన గుడ్డు, కాస్త పెరుగు. మా అమ్మాయికి కూడా అదే పెట్టబోతే మొహం ముడుచుకునేది.

"నాకు ఉత్త బ్రెడ్డు చాలమ్మా. వాసన రానిది పెట్టు."

"వాసన రానిది తిండెలా అవుతుందే? అది దూది."

"దూదే పెట్టు."

వయసులో ఉన్న పిల్ల, సన్నబడాలనుకుంటోంది కాబోలు అనుకున్నాను.

సాయంత్రం ఆయన రాగానే అడిగేదాన్ని, "కూర ఎలా ఉంది?" అని. "ఉప్పు సరిపోయింది," అనేవారు. రోజూ అదే మాట. ఒకరోజు సాయంత్రం మిగిలిన కూర నేను నోట్లో పెట్టుకుని చూస్తే చప్పగా ఉంది. ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను.

"ఏమండీ, మధ్యాహ్నం కూరలో ఉప్పెలా ఉంది?"

"సరిపోయింది."

"అసలు వెయ్యనేలేదు కదండీ."

ఆయన ఒక్క క్షణం నా వంక చూశారు. "అదే. వెయ్యకపోయినా సరిపోయింది. నీ చేతి మహిమ," అన్నారు. మా అమ్మాయి పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. వంక పెట్టని మొగుడు దొరకడం అదృష్టం అనుకున్నాను.

*

ఆ నెలలో రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. మూడు నెలల షుగరు సరాసరి చెప్పే పరీక్ష అది. బాగా పెరిగిపోయింది. డిపోలో సెలవు అడిగితే మేస్త్రి మొహం మాడ్చుకుంటాడని ఆయన రాలేదు, మా పేటలోని చిన్న ఆసుపత్రికి నేనూ అమ్మాయీ వెళ్ళాం. రోజువారీ మాటలు నాకు వచ్చు కానీ రోగాల మాటలు రావు, అవి అమ్మాయి చెప్పాలి.

"తీపి తింటున్నాడా?" అంది నర్సు.

"లేదమ్మా. ఇంట్లో పంచదార డబ్బా కూడా లేదు."

"మీవాళ్ళందరిదీ ఇదే మాట," అంది, నవ్వుతూనే. "ఇంట్లో గంపలకొద్దీ తింటారు, ఇక్కడికొచ్చి లేదమ్మా అంటారు."

తిట్టినా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. నవ్వుతూ అన్నదానికి నవ్వడం తప్ప ఏం చేస్తాం? నవ్వాను. మా అమ్మాయి నేల చూపులు చూసింది. నర్సు గడులు కొట్టిన కాగితాల కట్ట ఒకటి నా ముందుకు తోసింది. ఏ పూట, ఎన్ని గంటలకి, ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు. "ఆరు వారాలు రాసి తీసుకురా. నిజం రాయాలి," అంది. నిజం అన్న మాట నా కోసం రెండుసార్లు చెప్పింది.

నేను ఏడో తరగతి దాకా చదివాను. చేతిరాతకి ఒకసారి పలక బహుమతి ఇచ్చారు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చి స్కేలు పెట్టుకుని మరీ రాశాను. మేమేమీ అబద్ధాలకోరులం కాదని ఆ నర్సుకి కళ్ళు చెదిరేలా చూపించాలని పట్టుదల వచ్చింది. వాళ్ళ భాషలో రాని మాట అమ్మాయిని అడిగి రాసేదాన్ని. మధ్యాహ్నం గడి మాత్రం పొద్దున్నే నింపేసేదాన్ని, బాక్సు క్లిప్పులు వేసిన చేత్తోనే. పన్నెండున్నర, అన్నం రెండు గరిటెలు, కూర మూడు గరిటెలు, గుడ్డు ఒకటి, పెరుగు. పెట్టినది తినకుండా ఏం చేస్తారు? సాయంత్రం బాక్సు ఖాళీగా, కడిగి వస్తోంది కదా.

రెండో వారంలో ఆయన ప్యాంటు ఉతకబోతూ జేబులో చెయ్యి పెడితే ఒక కవరు చేతికి తగిలింది. తీపి బన్ను కవరు. లోపల పంచదార పలుకులు ఇంకా అంటుకుని ఉన్నాయి.

"ఏమండీ, ఇదేంటి?"

ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ ఆగారు. "డిపోలో ఎవరిదో పుట్టినరోజు. పంచారు."

"మీక్కూడా పంచారా?"

"పంచరేంటి మరి? నోరు మంచిదైతే ఊరు మంచిదే."

నాకు కోపం రావాల్సింది, సంతోషం వచ్చింది. పంచారట. అందరితో పాటు ఈయనకీ ఇచ్చారట. ఒక్క బన్నుకి ప్రాణం పోతుందా, నలుగురిలో కలిసి తిన్నారు, చాలు అనుకున్నాను. కాగితం మీద మాత్రం రాయలేదు. రాస్తే ఆ నర్సు నవ్వుతుంది. "నేను చెప్పలేదూ?" అన్నట్టు చూస్తుంది. ఆ చూపు నాకొద్దు.

తర్వాత వారంలో ఇంకో రెండు కవర్లు దొరికాయి. ఆ పై వారంలో ఇంకొకటి.

"మీ డిపోలో అందరూ ఎండాకాలంలోనే పుట్టారాండీ?"

"దానికి తొమ్మిది నెలల ముందు ఊళ్ళో కరెంటు పోయిందేమోనే," అన్నారు ఆయన. ఇద్దరం నవ్వుకున్నాం. అవీ రాయలేదు.

ఆయన చిక్కుతున్నారు. బెల్టుకి మేకుతో ఒక కొత్త చిల్లు పొడుచుకున్నారు. సాయంత్రం వచ్చేసరికి మొహం ఉబ్బినట్టుండేది, చేతులు వణికేవి, మాటకి ముందు విసుక్కునేవారు. ఎండ దెబ్బ అన్నారు. రాత్రి అన్నం ముందు కూర్చుని కెలికి లేచేవారు. నేను మజ్జిగ ఇచ్చి, తలకి నూనె రాసి, ఎండకి అడ్డం టోపీ కొనిచ్చాను. జాకీ గురించి, టైరు గురించి భయపడుతూనే ఉన్నాను.

*

ఆరు వారాలయ్యాక ఆయన ముందే రక్తం ఇచ్చొచ్చారు, నేనూ అమ్మాయీ కాగితాలు తీసుకుని వెళ్ళాం. ఈసారి డాక్టరే చూశారు. ఒక్కో కాగితం తిప్పారు. "ఎవరు రాశారు?"

"మా అమ్మ," అంది అమ్మాయి.

"ఇంత శుభ్రంగా రాసినవాళ్ళని నేను చూడలేదు." ఆయన నర్సు వంక తిరిగి కాగితం ఎత్తి చూపించారు. ఆవిడ తల ఊపింది. నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను కానీ లోపల ఏనుగెక్కినంత పనైంది.

తర్వాత డాక్టరు రిపోర్టు చూసి నొసలు చిట్లించారు. షుగరు ఇంకా పెరిగింది. ఇంత పద్ధతిగా తింటున్నా తగ్గడం లేదంటే మందు చాలడం లేదన్నమాట అన్నారు. పొద్దున వేసుకునే బిళ్ళ ఒకటి కాదు, ఇకనుంచి రెండు. రాసేముందు కలం ఆపి అడిగారు. అమ్మాయి నాకు చెప్పింది.

"ఈ బిళ్ళ వేసుకున్నాక వేళకి తినకపోతే ప్రమాదమటమ్మా. షుగరు ఒక్కసారి పడిపోతుందట. మధ్యాహ్నం నాన్న వేళకి తింటారా అని అడుగుతున్నారు."

"గడియారం తప్పినా ఆయన తప్పరని చెప్పు. పన్నెండున్నరకల్లా తింటారు."

అమ్మాయి నా మొహం చూసింది, చేతిలోని సంచి పట్టీ మెలిపెట్టింది. "చెప్పవే," అన్నాను. చెప్పింది. డాక్టరు రాశారు.

మర్నాడు పొద్దున ఆయన చేతిలో రెండు బిళ్ళలు పెట్టాను.

"రెండా?"

"రెండు. వేళకి తినాలట. తింటున్నారని చెప్పాను."

ఆయన బిళ్ళల్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించారు. గుమ్మం వైపు చూశారు. ఏదో అనబోతున్నారనుకున్నాను.

"సరే," అని వేసుకుని నీళ్ళు తాగారు. బాక్సు తీసుకుని వెళ్ళారు.

అలా అయిదు రోజులు.

*

ఆరో రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి. "నువ్వు టైర్లాయన భార్యవా? పెద్దాసుపత్రికి రా," అంది. నేను జాకీ అనుకున్నాను. దారంతా బస్సులో ఆయన ఏ కాలు పోయి ఉంటుందా అని ఆలోచించాను. వెళ్ళి దుప్పటి ఎత్తి చూశాను. కాళ్ళు రెండూ ఉన్నాయి. చేతులు ఉన్నాయి. ఒంటి మీద గీత కూడా లేదు. కళ్ళు మాత్రం తెరిచే ఉండి ఎటూ చూడడం లేదు.

జరిగింది తర్వాత తెలిసింది. రెండింటికి ఆయనకి చెమటలు పట్టాయి. నట్టు బిగించబోతూ స్పానరు వదిలేశారు. ఏదో మాట్లాడారట, ఎవరికీ అర్థం కాలేదట. తూలారు. మేస్త్రి, "తాగొచ్చాడు. వీళ్ళింతే," అన్నాడు. ఆయన జన్మలో తాగలేదు. ఇద్దరు రెక్కలు పట్టుకుని తీసుకెళ్ళి, మత్తు దిగేదాకా ఉండమని డిపో వెనక గోడ దగ్గర ఎండలో కూర్చోబెట్టారు. ముప్పావు గంట. ఎవరైనా నోట్లో చెంచాడు పంచదార వేసి ఉంటే లేచి కూర్చునేవారట. ఆసుపత్రి డాక్టరు ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడకుండా పైనున్న లైటు వైపు చూశారు. అంతసేపు చక్కెర అందకపోతే మెదడులో కొంత భాగం దెబ్బతింటుందట. ఎంత అనేది ఇప్పుడే చెప్పలేం అన్నారు.

"మధ్యాహ్నం తిన్నాడా?" అని అడిగారు.

"తిన్నారు," అన్నాను. ఆ క్షణంలో కూడా అంత నమ్మకంగా అన్నాను.

*

పదో రోజున ఆయన సామాను తీసుకెళ్ళమని డిపో నుంచి కబురొచ్చింది. మేస్త్రి సంచి తెచ్చి గేటు దగ్గర బెంచీ మీద పెట్టాడు. నా చేతికివ్వలేదు, బెంచీ మీద పెట్టాడు. "ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"తాగి పడిపోలేదండీ," అన్నాను. "షుగరు పడిపోయింది."

"మాకేం తెలుస్తుందమ్మా," అని గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

సంచిలో టోపీ, తువ్వాలు, బాక్సు. బాక్సు బరువుగా ఉంది. పది రోజుల కిందట నేను పెట్టిన అన్నం ఇంకా లోపలే ఉంది. దాన్ని అలాగే ఇంటికి మోసుకెళ్ళడం ఇష్టం లేక, టైర్ల షెడ్డు పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళాను. రేకుల షెడ్డు అది, దగ్గరికెళ్తేనే పెనం మీద నిలబడ్డట్టుంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఒక క్లిప్పు తీశాను. టక్కుమంది. రెండోది తీశాను.

బస్సు కింద నుంచి ఒక కుక్క లేచొచ్చింది.

గోధుమరంగు కుక్క. వీధికుక్కలా లేదు, నున్నగా, బలిసి ఉంది. కొత్తమనిషిని చూసి మొరగాలి. మొరగలేదు. తిన్నగా వచ్చి నాకు మూరెడు దూరంలో కూర్చుని, బాక్సు వైపు చూస్తూ తోక ఆడించింది. అరిచి అడగనక్కర్లేదు, దాని వంతు దానికొస్తుందన్నంత నెమ్మదిగా కూర్చుంది.

నేను దాన్ని చూశాను. అది బాక్సుని చూస్తోంది.

"పన్నెండున్నరయింది కదా," అంది వెనక నుంచి ఎవరో. చీపురు పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఫోనులో విన్న గొంతు అదే. వాళ్ళ మనిషే, తెల్లగా పండిపోయిన జుట్టు. "రోజూ ఈ వేళకి ఇక్కడే కూర్చుంటుంది. పది రోజులుగా ఎదురు చూస్తోంది."

"రోజూనా?"

"ఎండలు మొదలైనప్పటి నుంచీ."

నేను కుళాయి గట్టు మీద కూలబడ్డాను. ఆవిడ నిలబడే చెప్పింది. క్యాంటీన్లో ఫ్రిజ్జు ఉంది. ఆయన బాక్సు అందులో పెడితే ఎవరో తీసి బయట పెట్టేవారు. తర్వాత ఫ్రిజ్జు తలుపు మీద కాగితం అంటించారు, ఘాటు వాసన వచ్చే తిండి పెట్టకూడదని. పేరు రాయలేదు. అక్కర్లేదు కదా, ఈ రంగు మనిషి డిపో మొత్తానికి ఒక్కడే. ఆయన బల్ల దగ్గర కూర్చుంటే మిగతావాళ్ళు పళ్ళేలు ఎత్తుకుని పక్క బల్లకి పోయేవారు. కొన్నాళ్ళు గోడవైపు తిరిగి తిన్నారు. తర్వాత టైర్ల షెడ్డులో తిన్నారు. ఒకరోజు ఆయన చేత్తో కలుపుకుని తింటుంటే పైనుంచి ఫోటో తీసి ఒకరికొకరు చూపించుకుని నవ్వారు. ఆ తర్వాత ఆయన ఈ డిపోలో ఎవరి ఎదుటా నోరు కదపలేదు. ఈ రేకుల కింద అన్నం మధ్యాహ్నానికి ఎలాగూ పులిసిపోయేది. కుక్కకి పెట్టి, బాక్సు కడుక్కునేవారు. పడిపోయిన రోజు మాత్రం పని తెమలక బాక్సు తియ్యనేలేదు.

"నాలుగింటికి పని దిగాక, బయట గోడకి బన్నుల మిషనుంది చూశావా, అక్కడ తినేవాడు. రెండు, మూడు. ఒకసారి అడిగాను, ఆ చెత్తెందుకు తింటావు, ఇంటికెళ్ళి తినొచ్చు కదా అని. ఈ మిషను నా మొహం చూడదు కదమ్మా అన్నాడు."

ఆవిడ చీపురు పుల్లలు సర్దుకుంది. వెళ్ళలేదు.

"మంచినీళ్ళ కప్పు కూడా వేరే పెట్టమన్నారు. కిటికీలో విడిగా పెట్టింది నేనే," అంది. "పెట్టమంటే పెట్టాను."

ఆవిడని అనడానికి నాకు నోరేది? నేను కూడా గడుల్లో రాయమంటే రాశాను. పన్నెండున్నర, అన్నం రెండు గరిటెలు. స్కేలు పెట్టి మరీ.

బాక్సులోది కుక్కకి పెట్టేలా లేదు. కుళాయి పక్కనున్న గోతిలో పారబోశాను. అది వచ్చి వాసన చూసి, నా మొహం చూసి, మళ్ళీ బస్సు కిందికి వెళ్ళి పడుకుంది.

*

ఆ సాయంత్రం అమ్మాయికి చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. అది గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

"మిషను సంగతి నాకు తెలుసమ్మా. బస్సులోంచి చూశాను. నాన్న గోడకి మొహం పెట్టి గబగబా తింటున్నాడు."

"ఎప్పుడు?"

"చాలాసార్లు."

"డాక్టరు అడిగినప్పుడు..."

"చెబుదామనుకున్నాను. నువ్వు అంత సంతోషంగా ఉన్నావు, ఆయన నీ రాత మెచ్చుకున్నారని." "చెబితే నువ్వు బతకనివ్వవు కదమ్మా. పనికెళ్ళొద్దంటావు, డిపోకొచ్చి ఏడుస్తావు. నాన్న నాతో ఒకటే అన్నాడు. అమ్మకి చెప్పకు, దానికున్న భయాలు చాలు అన్నాడు."

నాకున్న భయాలు చాలు. జాకీ, టైరు, లారీ. వాటన్నిటితో ఇల్లు నింపేశాను, నిజానికి చోటు లేకుండా.

కాసేపయ్యాక అడిగాను, "నువ్వు బడిలో ఏం తింటున్నావు?"

"బ్రెడ్డు."

"తింటున్నావా?"

అది తన సంచిని కాలితో వెనక్కి నెట్టింది. లేచి దాని సంచి తెరిచి చూశాను. అడుగున, పుస్తకాల కింద, మూడు రోజుల బ్రెడ్డు ముక్కలు కాగితంలో చుట్టినవి చుట్టినట్టే గట్టిపడి ఉన్నాయి.

మర్నాడు ఆ గడుల కాగితాలు తీసుకుని చిన్న ఆసుపత్రికి వెళ్ళాను. మధ్యాహ్నం గడులన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, కవర్లు దొరికిన రోజుల్లో 'తీపి బన్ను' అని రాసి డాక్టరు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. "మీరు రాసినదాన్ని బట్టే నేను మందు రాశాను," అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నర్సు అక్కడే ఉంది. ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

*

ఎండలు తగ్గాక ఆయన్ని ఇంటికి పంపించారు. నడుస్తారు, మాట్లాడతారు. మాట నెమ్మదిగా, వెతుక్కుని వస్తుంది. అమ్మాయి పేరు ఒక్కోసారి దొరకదు. చెప్పులు ఎదురుగా ఉన్నా వెతుకుతారు. కంగారమ్మా అని పిలవడం మర్చిపోయారు. నన్ను 'ఏమండీ' అంటున్నారు, పరాయి ఆవిడని పిలిచినట్టు. డిపో వాళ్ళు పనిలోంచి తీసేశారు. తాగి పడిపోయాడనే కాగితం మీద రాసుకున్నారు, మా మాట ఎక్కడా రాయలేదు.

మధ్యాహ్నం పూట నేను లాండ్రీ నుంచి రాగానే పళ్ళెంలో అన్నం పెట్టి ఆయన ముందు ఉంచుతాను. మొదటి రోజు నేను మంచినీళ్ళ కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి ఆయన కుర్చీలో లేరు. వెనక వాకిట్లో మెట్టు మీద పళ్ళెం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. మా వెనక వాకిట్లోకి ఏ కుక్కా రాదు. చాలాసేపు చూశారు. తర్వాత అన్నం చెత్తబుట్టలో వంపి, కుళాయి కింద పళ్ళెం కడిగారు. రెండు వైపులా, వేళ్ళతో అంచులు తిప్పి తిప్పి, మెరిసేదాకా కడిగారు. లోపలికొచ్చి పళ్ళెం నా చేతికిచ్చి, గోడవైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు.

"తిన్నారా?" అన్నాను.

ఆయన మాట కోసం వెతుక్కున్నారు. అది మాత్రం దొరికింది.

"ఉప్పు సరిపోయింది."

నేను గడుల కాగితం తీశాను. పన్నెండున్నర ఎదురుగా 'తినలేదు' అని రాశాను. తర్వాత ఆయన పళ్ళెంలో మళ్ళీ అన్నం పెట్టి, నాకూ ఒక పళ్ళెం పెట్టుకుని, కుర్చీ ఈడ్చుకెళ్ళి ఆయనకీ గోడకీ మధ్య కూర్చున్నాను.